కాచమనాయకుడు ఎందుకు ఓడాడు?

కుంభవరం రాజ్యానికి వచ్చిన కష్టమేమిటని అడిగితే, వానలు లేకపోవడమని అక్కడ అందరూ చెబుతారు. నన్నడిగితే మాత్రం, ఉన్నమాట తిన్నగా చెప్పే మనిషి ఆ దర్బారులో ఒక్కడూ లేకపోవడమే అసలు కష్టమంటాను. వానలు ఆగిపోవడం దాని తరవాత వచ్చిన బాధ. పిల్లలూ, ఈ కథ చెప్పేటప్పుడు నాకు మధ్యమధ్య కోపం వస్తుంది. మీకూ వస్తుంది. ఓర్చుకుని వినండి.

కుంభవరానికి పడమట కొండల నడుమ నల్లకనుమ అనే ఇరుకుదారి ఉంది. మబ్బులన్నీ ఆ దారినే రావాలి. కరాళుడనే రాక్షసుడు అక్కడ తిష్ఠవేసి మబ్బులను ఆపేశాడు. వాడు అన్నం తినడు, మాంసం ముట్టడు. వాడి ఆహారం అబద్ధాలు. ఎదుట నిలబడి ఎవరైనా అబద్ధమాడితే చాలు, వాడికి ఒక ముద్ద కడుపులో పడినట్టే. అలాంటివాడికి కుంభవరం దర్బారు పక్కన చోటు దొరికిందంటే, చీమకు బెల్లం బస్తాలో ఇల్లు దొరికినట్టే కదా!

రాజు విజయకేతుడు వాడి మీదికి సేనాపతి కాచమనాయకుణ్ణి పంపాడు. పంపేముందు ఆచారం ప్రకారం పళ్ళెంలో తాంబూలం పెట్టాడు. ఆ రాజ్యంలో యుద్ధతాంబూలం అందుకున్నవాడు గెలిచైనా తిరిగిరావాలి, లేదా వెనక్కి రమ్మని రాజు మరొక తాంబూలం పంపేదాకా అక్కడే ఉండాలి. ఆ రెండోదాన్ని మరుతాంబూలం అంటారు. అది రాకుండా ఒక్కడుగు వెనక్కి వేసినా పిరికివాడని పేరు పడుతుంది. ఎవరు పెట్టారో ఈ ఆచారం! పెట్టినవాడు యుద్ధానికి వెళ్ళి ఉండడని మాత్రం గట్టిగా చెప్పగలను.

కాచమనాయకుడు ఓడిపోయాడు. కరాళుడు అతణ్ణీ, మిగిలిన సైన్యాన్నీ కనుమలోనే రాళ్ళుగా మార్చాడు. ఏ శాపానికైనా విమోచనం చెప్పాలన్నది మంత్రశాస్త్రంలో నియమం గనక, వాడు కుంభవరం కోటదాకా వినబడేలా నవ్వుతూ ఇలా చెప్పాడు:

"ఈ ఓటమి ఎందుకొచ్చిందో ఇక్కడ నిలబడి, ఎవర్నీ వెనకేసుకురాకుండా చెప్పండి. నిజం చెప్పినమేరకు వీళ్ళు లేస్తారు. అంతా చెబితే నా పని అయిపోతుంది. అబద్ధం చెప్పారో, మాటకొక జానెడు భూమిలోకి దిగిపోతారు."

దర్బారు సంగతి వాడికి బాగా తెలుసు. తెలియకపోతే అంత ధైర్యంగా చెబుతాడా?

ముందుగా ఆస్థాన జ్యోతిష్కుడు గణపావధాని పల్లకీలో వెళ్ళి, సేనాపతి ఎడమకాలు ముందుపెట్టి గడప దాటాడని చెప్పి వచ్చాడు. రాతిమనుషులు జానెడు దిగారు. మంత్రి వెళ్ళి, సేనాపతికి వయసు మళ్ళి చూపు తగ్గిందన్నాడు. ఇంకో జానెడు. రాజుగారి బావమరిది ఉద్దండవర్మ వెళ్ళి, కాచమనాయకుడు శత్రువుతో చేతులు కలిపాడన్నాడు. ఇలా ఒకరి తరవాత ఒకరు వెళ్ళి చెప్పి వస్తుంటే రాళ్ళు నడుములదాకా కూరుకుపోయాయి. అప్పటికైనా నోళ్ళు మూసుకున్నారా? లేదు. విజయదశమినాడు దర్బారు దర్బారంతా నల్లకనుమకు తరలివెళ్ళి, అక్కడ మహావిచారణ జరపాలని రాజు చాటింపు వేయించాడు. ప్రతి ఒక్కరూ తమకు తోచిన కారణం చెప్పాలట! అదే జరిగితే ఆ సైన్యం తలలు కూడా పైన మిగలవని గోళీలాడే పిల్లలకైనా తెలుస్తుంది.

కాచమనాయకుడి కూతురు సింగమ ఆ చాటింపు విన్నది. ఆ పిల్లకు పదహారేళ్ళు. తండ్రి వెంట గుర్రాల సాలలో పెరిగింది. నాన్నకు ద్రోహి అన్న పేరు వచ్చిన దగ్గరనుంచి వీధివాళ్ళు ఆ ఇంటికి పసుపుకుంకుమల పిలుపులు కూడా మానేశారు.

"అమ్మా, నాయన నడిచిన దారినే నేనూ పోతా. ఏం జరిగిందో తెలుసుకుని, దర్బారోళ్ళకంటే ముందే కనుమలో చెప్పేస్తా. నాయన తప్పేమీ లేదని అందరికీ తెలియాల," అంది సింగమ.

ఆమె తల్లి మాచమ్మ తిరగలి ఆపకుండానే, "తప్పుందో లేదో పోయి చూసి చెప్పు తల్లీ. చూడకముందే చెప్పడం వాళ్ళ పని. మనకెందుకు?" అంది.

సింగమకు ఆ మాట నచ్చలేదు. అయినా జొన్నరొట్టెలు మూటకట్టుకుని బయలుదేరింది.

అడవిలో మొదట ఎర్రవాగు అడ్డం వచ్చింది. ఆగిపోయిన మబ్బులు కొండకు అవతలే కురుస్తున్నాయి గనక, ఆ నీళ్ళతో వాగు ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. ఆ నీరంతా లోయలో పడి పోతుందే తప్ప కుంభవరం పొలాల ముఖం చూడదు. ఒడ్డున కాకరపాదుకు పందిరి వేస్తూ కటుకముని అనే ముసలి రుషి కనిపించాడు. ఆయన తపస్సు కంటే కాకరకాయల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టేవాడు.

"ఎవరే నువ్వు? పాదు తొక్కావంటే శపిస్తాను!"

"సేనాపతి కాచమనాయకుడి కూతుర్ని స్వామీ. మా నాయన ఈ వాగు ఎట్లా దాటాడో చెప్పండి."

ముని మొహం కాస్త మెత్తబడింది. "ఆయన కూతురివా? ఆయన ఏనుగు నా పందిరి పడగొడితే, తనే తలపాగా తీసి నడుముకు చుట్టుకుని మళ్ళీ కట్టిపెట్టాడు. సరే, ఆయన కట్టిన వంతెన ఇక్కడే ఉంది. దానిమీద అవతలికి పోయి రా. అప్పుడు మాట్లాడతా."

సింగమ అటూ ఇటూ చూసింది. వంతెన ఎక్కడా లేదు. ముని ఆటపట్టిస్తున్నాడేమోనని చిరాకు వేసింది. కానీ ఒడ్డున కూర్చుని నీటివంకే చూస్తుంటే ఒకచోట వాగుకు అడ్డంగా, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా, సన్నని నురగచార కనిపించింది. నీళ్ళు ఊరికే అలా తిన్నగా చీలవు. ఆమె చీర ఎగ్గట్టి అక్కడ కాలు పెట్టింది. మోకాలిలోతున తాటిదూలం తగిలింది. కరాళుడి వేగులవాళ్ళ కంటపడకుండా కాచమనాయకుడు వంతెనను నీటి అడుగున కట్టించాడు! సింగమ ఊపిరి బిగబట్టి దాటి, మళ్ళీ వెనక్కి వచ్చింది. తండ్రి తెలివికి ఆమెకు ఒళ్ళు పొంగిపోయింది.

"మరి ఇంత వరదలో ఎందుకు దాటాల్సొచ్చింది స్వామీ?"

"అదీ అడగాల్సిన మాట! ఎండాకాలంలో ఈ వాగులో చీలమండలు కూడా తడవవు. మీ నాయన అప్పుడే సిద్ధంగా ఉన్నాడు. ఆ గణపావధాని, ఈ వారం శూల, ఆ వారం మూఢం అని ముహూర్తం జరిపాడు, జరిపాడు, చివరికి నిండువరదలో పెట్టాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడానికి మంచిరోజు వెతికే రకం! దూలాలు మోసే ఏనుగులు సగం ఇక్కడే కొట్టుకుపోయాయి. మీ నాయన ఆ రాయిమీద కూర్చుని ఏడ్చాడు. నేను చూశాను." ముని ఆమె మూటలో నాలుగు కాకరకాయలు పడేసి, "పో, పో, నాకు పనుంది," అని తరిమేశాడు.

ఇక్కడివరకూ నాకూ గణపావధాని మీదే కోపం. ముందుంది అసలు పండగ.

వాగు దాటి చాలాదూరం నడిచాక నడి అడవిలో సింగమకు జొన్నచేను కనిపించింది. దున్నినవాడు లేడు, చల్లినవాడు లేడు, కంకులు మాత్రం తలెత్తు ఎదిగి ఉన్నాయి. ఆమె ఆశ్చర్యపోతూ కంకి తుంచగానే చేలోంచి గుండోదరి అనే రాక్షసి లేచి నిలబడింది. ఆమె పొట్ట ధాన్యపు గాదెంత ఉంది.

"ఎవర్తివే? నా చేలో చెయ్యి పెడతావా? సంకటి చేసిపెట్టు. బాగలేకపోతే నిన్నే నంజుకుతింటా!"

చేసేదేముంది? సింగమ రాళ్ళమధ్య జొన్నలు నూరి, కాకరకాయలు కాల్చి, సంకటి వండింది. రాక్షసి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, "ఎట్లా ఉంది? నువ్వే చెప్పు," అని గద్దించింది.

"చప్పగా ఉందవ్వా. ఉప్పు లేదు. కాకరకాయ మాడింది కూడా," అంది సింగమ.

రాక్షసి పడీపడీ నవ్వింది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి ఒక నిజం మాట! ఆ ఉద్దండవర్మ నేను పెట్టిన మట్టిని కూడా అమృతమన్నాడే!"

తాను ఎవరో సింగమ చెప్పగానే గుండోదరి కళ్ళు తుడుచుకుంది. "మీ నాయన నామీదికి కత్తి దూయలేదు. వచ్చి, 'అవ్వా, నువ్వేం తింటావు?' అని అడిగాడు. నన్ను చూసినోళ్ళు పారిపోవడమే గానీ, అట్లా అడిగినోళ్ళు లేరు. సైనికులంతా తలా ఒక ముద్ద తగ్గించుకుని నాకు పెట్టారు. వెనకాల ధాన్యం బళ్ళు వస్తాయి, వాటిని కాయమన్నాడు. కాశాను. బళ్ళతోపాటు రాజు బావమరిది వచ్చాడు. పరుపులంట, వింజామరలంట, పాటగత్తెలంట! యుద్ధానికొచ్చాడో పెళ్ళికొచ్చాడో! తన పల్లకీ బోయీలు అలిసిపోయారని బళ్ళలో ధాన్యమంతా ఇక్కడ గుమ్మరించి, ఆ బళ్ళెక్కి ఇంటికి పోయాడు. అదే ఈ చేను."

సింగమ ఆ కంకులవంక చూస్తూ నిలబడిపోయింది. కనుమలో సైన్యం పస్తులున్న రోజుల్లో వాళ్ళ అన్నం ఇక్కడ మొలకలెత్తుతోంది. ఆమెకు ఏడుపు రాలేదు. కోపంతో దవడలు నొప్పి పుట్టాయి.

చేను దాటగానే కొండ ఎదురైంది. కొండకొమ్మున గండభేరుండం గూడు కట్టుకుని ఉంది. దానికి రెండు తలలు. ఆ రెంటికీ క్షణం పడదు. ఒకటి ఎడ్డెమంటే రెండోది తెడ్డెమంటుంది. నాతో ఆ పక్షిని గంటసేపు కూర్చోబెడితే నాకు పిచ్చెక్కేది. సింగమ ఓపికను మెచ్చుకోవాలి.

"మీ నాయన మహావీరుడు," అంది ఎడమతల. "తిండి లేని సైన్యంతో కనుమ మొగదల నిలబడ్డాడు. వెడల్పు తక్కువచోట డాళ్ళు గోడలాగా పేర్పించాడు. ముందువరస అలిసిపోతే వెనకవరస వచ్చేది. రాత్రీ పగలూ అట్లాగే. కరాళుడి భూతాలు ఆ గోడ దాటలేకపోయాయి."

"మరుతాంబూలం సంగతి చెప్పు," అంది కుడితల.

"చెబుతున్నా కదా, ఆగు! గెలవడం కుదరదని తెలిశాక మీ నాయన రాజుకు రౌతుల్ని పంపాడు. మరుతాంబూలం పంపండి, మనుషుల్ని బతికించుకుని వస్తానన్నాడు. మేం కోటమీద వాలి విన్నాం. రాజు పంపుదామనే అన్నాడు. అయితే దాన్ని మోసుకెళ్ళడం అశుభమట. నువ్వు తీసుకెళ్ళంటే నువ్వు తీసుకెళ్ళని దర్బారంతా తగువు. తమలపాకులు ఎండిపోయాయి. మళ్ళీ కొత్తవి తెప్పించారు. అవీ ఎండిపోయాయి."

సింగమ పళ్ళు నూరింది. "చాలు పక్షిరాజా! నాకు కావలసింది దొరికింది. నన్ను కనుమలో దించు."

"ఇంకా ఉంది," అంది కుడితల. "ఆఖరిరోజు పొద్దున మేమే మీ నాయనకు మేకలబాట చూపించాం. ఆ బాటన అందరూ బతికి బయటపడొచ్చు. దళవాయిలు కాళ్ళు పట్టుకున్నారు. ఆయన, 'తాంబూలం పట్టినవాణ్ణి, రాజు పిలవందే కదలను' అన్నాడు. మధ్యాహ్నానికి గోడ కూలింది."

"అబద్ధం!" సింగమ గులకరాయి తీసి కుడితల మీద విసిరింది.

విచిత్రమేమంటే ఈసారి ఎడమతల ఎదురు చెప్పలేదు. "అది నిజమేనమ్మా," అని కళ్ళు దించుకుంది.

పక్షిమీద ఎగురుతున్నంతసేపూ సింగమ ఒకటే అనుకుంది. దర్బారు చేసిన పాపం కొండంత. నాన్న చేసినది గోరంత. ఆ గోరంత చెప్పకపోతే ఏం? ఇప్పటికే అందరూ ఆయనమీద ఉమ్మేశారు. కూతురు కూడా ఒక మాట వెయ్యాలా?

నల్లకనుమలో విజయదశమి సందడి మొదలైంది. గొడుగులు, పల్లకీలు, బాకాలు. ఎదురుగా బండమీద కరాళుడు పెద్ద విస్తరాకు ముందేసుకుని కూర్చున్నాడు. బంతిభోజనానికి వచ్చిన పెద్దమనిషిలాగా నీళ్ళు కూడా చిలకరించుకున్నాడు. రాతి సైనికులు నడుములదాకా భూమిలో ఉన్నారు. అందరికంటే ముందు కాచమనాయకుడి విగ్రహం కత్తి పట్టుకుని ఉంది. గణపావధాని గొంతు సవరించుకుంటున్నాడు.

సింగమ పక్షి వీపునుంచి దూకి, "మహారాజా! ముందు నేను చెబుతాను!" అని అరిచింది.

"సేనాపతి కూతురికేం తెలుసు?" అంటూ ఉద్దండవర్మ అడ్డొచ్చాడు. అంతలో గండభేరుండం అతని కిరీటం మీద వాలింది. అతను అక్కడే చతికిలబడ్డాడు.

సింగమ అంతా చెప్పింది. జరిపిన ముహూర్తం, కొట్టుకుపోయిన ఏనుగులు, అడవిలో మొలిచిన జొన్నలు, ఎండిపోయిన తమలపాకులు. ఒక్కో మాటకూ నేల కదిలి, సైనికులు మోకాళ్ళదాకా పైకి వచ్చారు. కరాళుడి బుగ్గలు జారాయి. రాజు తల వంచుకుని విన్నాడు. చివరికి ఆయనకే విసుగు పుట్టినట్టుంది, కిరీటం తీసి చంకన పెట్టుకున్నాడు.

"నిజమే తల్లీ. ఎవరూ కదలకపోతే నేనే మోసుకెళ్ళాల్సింది. నా రాజ్యం, నా మనుషులు. నేను కూడా అశుభమనే భయపడ్డాను," అన్నాడు.

ఆ మాటతో సైన్యమంతా ఒక్కసారిగా లేచింది. రాళ్ళు ఒళ్ళయ్యాయి. మనుషులు దగ్గుతూ, దుమ్ము దులుపుకుంటూ ఒకరినొకరు పట్టుకున్నారు. కానీ కాచమనాయకుడు లేవలేదు. విగ్రహం నడుములోతునే ఉండిపోయింది.

కరాళుడు ఎండిన పుల్లలా బక్కచిక్కినా నవ్వుతూనే ఉన్నాడు. "ఇంకొక్క ముద్ద మిగిలింది పిల్లా. దాచిన నిజం కూడా నాకు రుచిగానే ఉంటుంది. నీ నోట్లో ఉంచుకో. నేనీ జన్మంతా దానిమీద బతికేస్తా."

సైనికులందరికీ అదేమిటో తెలుసు. ముసలి దళవాయి ఒకడు ఆమె దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "చెప్పొద్దు తల్లీ. ఆయన మాకు దేవుడు. మా ముందర ఆయన పరువు తియ్యొద్దు."

సింగమ తండ్రి ముఖంలోకి చూసింది. ఎంత అన్యాయం! ఇంతమంది తప్పులు చెప్పడానికి తడబడని నాలుక ఈ ఒక్కదానికి కదలనంటోంది. చెబితే ఆయన్ని తానే తక్కువ చేసినట్టు. చెప్పకపోతే ఆయన ఎప్పటికీ రాయి. ఆమె ఏడుస్తూ, కోపంగా, ఆ విగ్రహంతోనే మాట్లాడింది.

"నాయనా, నీకు మేకలబాట తెలుసు. నీ మనుషులు నీ కాళ్ళు పట్టుకున్నారు. నువ్వు కదల్లేదు. రాజు పిలవలేదని కాదు, పిరికివాడంటారని. వీళ్ళ ప్రాణాలకంటే, అమ్మకంటే, నాకంటే నీకు ఆ మాటే పెద్దదయింది. వాగు దాటించడంలో తప్పు లేదు, గోడ నిలపడంలో తప్పు లేదు. ఆ పొద్దున మాత్రం నువ్వు తప్పు చేశావు నాయనా!"

విగ్రహం కనురెప్పలనుంచి మట్టి రాలింది. కాచమనాయకుడు పైకి లేచి, కత్తి కింద పెట్టి, కూతురికి కాదు, ముందు సైనికులకు చేతులు జోడించాడు. "అవును. ఆ పొద్దునే నాకు తెలుసు," అన్నాడు.

బండమీద విస్తరాకు తప్ప మరేమీ మిగల్లేదు. ఆగిన మబ్బులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కనుమలోంచి బయలుదేరాయి. గణపావధాని తన తాటాకులు తడుస్తాయని గోల పెట్టాడు. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ వానలోనే రాజు కొత్త యుద్ధతాంబూలం తెప్పించి, ఇకమీద సేనాపతివి నువ్వేనంటూ సింగమకు అందించబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు. "వెళ్ళేటప్పుడే రెండు తాంబూలాలూ ఇవ్వండి మహారాజా. ఎప్పుడు వెనక్కి రావాలో అక్కడ నిలబడినవాళ్ళకే తెలుస్తుంది," అంది. రాజు ఒప్పుకున్నాడు. అలా సింగమ కుంభవరానికి సేనాపతి అయింది. ఆమె సేనాపతిగా ఉండగా ఆ సైన్యం ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగివచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఇళ్ళలో వాళ్ళ కోసం అన్నం వండిపెట్టారు.

కాచమనాయకుడు మాత్రం ఊళ్ళోకి వచ్చిన రోజున తిన్నగా తన ఇంటికి వెళ్ళలేదు. గోడ కూలిన ఆ మధ్యాహ్నం, రాయి కావడానికి ముందే చనిపోయినవాళ్ళు ఉన్నారు కదా. ఏ నిజం చెప్పినా వాళ్ళు లేవరు. ఆయన తడుస్తూ ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళాడు. ప్రతి గడప దగ్గరా నిలబడి, నీ కొడుకును నేను వెనక్కి తీసుకురాగలిగి ఉండీ తీసుకురాలేదని చెప్పాడు. కొందరు ఆయన్ని కొట్టారు. కొందరు పట్టుకుని ఏడ్చారు. ఒక ముసలమ్మ తల తుడుచుకోమని పాతచీర ఇచ్చింది.

అన్నీ అయ్యేసరికి దీపాలవేళ దాటింది. మాచమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన వీధిలోనే ఆగిపోయాడు. కనుమలో భూతాలకు బెదరని మనిషికి సొంత గడప దాటడానికి కాళ్ళు రాలేదు.

"అందరిళ్ళకూ పోయొచ్చావా?" అంది మాచమ్మ.

"పోయొచ్చాను."

"అయితే లోపలికి రా. ఎంతసేపని వానలో నిలబడతావు!"